ఫోన్ నాది, తాళంచెవి ఎవరిది?

అందరికీ నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం "ఫోన్‌లో భద్రతా? స్వేచ్ఛా?" అని. అంటే కంపెనీ వేసిన తాళాన్ని అలాగే ఉంచాలా, తీసి మనకు నచ్చిన సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలా అని. ఆ ప్రశ్నతోనే నాకు పేచీ ఉంది. అది చెప్పే ముందు నా పాత ఫోన్ సంగతి వినండి.

కొన్న మూడేళ్లకే కంపెనీ దానికి అప్‌డేట్లు ఆపేసింది. స్క్రీన్ బాగానే ఉంది, బ్యాటరీ సాయంత్రం దాకా వస్తోంది. పక్కన పడేయడానికి మనసొప్పక, ఒక ఆదివారం కూర్చుని బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిద్ర లేపే చిన్న ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి, ఆండ్రాయిడ్ ఆధారంగా తయారైన లీనియేజ్‌ఓఎస్ ఎక్కించాను. మొదట తప్పు ఫైలు ఎక్కించి రెండు గంటలు దాన్ని ఇటుకరాయిని చేశాను. ఆ టెన్షన్ ఇప్పుడు తలుచుకున్నా చెమటలు పడతాయి. చివరికి ఆ నెల సెక్యూరిటీ ప్యాచ్‌తో సహా లేచి కూర్చుంది. మర్నాడు బ్యాంక్ యాప్ తెరిస్తే, ఈ ఫోన్ సురక్షితం కాదంటూ మూసుకుపోయింది. మా ఇంట్లోనే అదే మోడల్ ఫోన్ ఇంకొకటి ఉంది. దాని మొహాన ప్యాచ్ పడి చాలా కాలమైంది. అందులో మాత్రం ఆ యాప్ ఏ అభ్యంతరమూ లేకుండా తెరుచుకుంది.

ఆ యాప్ ఫోన్‌లో కంతలున్నాయా అని చూడలేదు. లోపల ఉన్నది కంపెనీ ఎక్కించిన సాఫ్ట్‌వేరేనా అని మాత్రమే చూసింది. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం దగ్గరే అసలు గొడవంతా మొదలవుతోంది.

తాళం ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. ఫోన్ ఆన్ చేయగానే, చిప్‌లో ఎవరూ మార్చలేని ఒక చిన్న కోడ్ ముందు నిద్ర లేస్తుంది. బూట్‌లోడర్ మీద ఉన్న డిజిటల్ సంతకం సరైనదేనా అని అది చూస్తుంది. బూట్‌లోడర్ ఆ తర్వాతి భాగం సంతకాన్ని చూస్తుంది. అలా గొలుసులా ఆపరేటింగ్ సిస్టమ్ దాకా సాగుతుంది. ఆండ్రాయిడ్‌లో దీన్ని వెరిఫైడ్ బూట్ అంటారు. 2013లో 4.4తో వచ్చింది, 2016లో 7.0 నుంచి గట్టిపడింది. చాలా మంచి ఏర్పాటు. మీ ఫోన్ కాసేపు ఇంకొకరి చేతిలో ఉన్నా, వాళ్లు లోపల గుట్టుగా ఏదైనా నాటి వెళ్లడం కష్టం. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే డేటా అంతా చెరిగిపోయేదీ ఇందుకే. లేకపోతే ఫోన్ కొట్టేసినవాడు ముందు అదే చేసి మీ ఫొటోలు, మెసేజ్‌లు చదువుకునేవాడు. ఇది తెలియక తిట్టుకునేవాళ్లను చూశాను, ఒకప్పుడు నేనూ తిట్టుకున్నాను.

కాబట్టి తాళం వద్దనడం లేదు నేను. రూట్ చేయడంలో ప్రమాదం లేదనీ అనను. ఫోన్‌లో ప్రతి యాప్‌కూ తన గది తనకుంటుంది, పక్క గదిలోకి తొంగి చూడలేదు. రూట్ అంటే అన్ని గదులకూ పనికొచ్చే తాళంచెవి. అది తప్పు యాప్ చేతిలో పడితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. 2009 నవంబరులో ఇకీ అనే వైరస్ జైల్‌బ్రేక్ చేసిన, అంటే ఆపిల్ తాళం తీసేసిన, ఐఫోన్లలోకి ఎలా దూరిందో తెలుసా? దూరం నుంచి ఫోన్‌లోకి వెళ్లనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌ను వాటిలో పెట్టుకున్న చాలామంది, అందరికీ తెలిసిన "ఆల్పైన్" అనే పాస్‌వర్డ్‌ను మార్చుకోలేదు. అది వాల్‌పేపర్ మార్చి ఆటపట్టించింది, కాబట్టి సరిపోయింది. 2015లో కీరైడర్ అనే మాల్వేర్ అలా ఊరుకోలేదు. జైల్‌బ్రేక్ చేసిన ఫోన్ల నుంచి 2 లక్షల 25 వేలకు పైగా ఆపిల్ అకౌంట్లను దోచింది.

అయితే ఇంకో వైపు కథ కూడా ఉంది. 2011 జూలైలో జైల్‌బ్రేక్‌మీ అనే వెబ్‌సైట్, పీడీఎఫ్ చూపించే కోడ్‌లోని లోపంతో ఐఫోన్ తాళం తీసేది. సైట్ తెరిచి ఒక బటన్ నొక్కితే చాలు. అంత సులువైన కంత దొంగలకూ పనికొస్తుంది కదా! అందుకని అది తయారుచేసిన కుర్రాడే, ఆ కంతను పూడ్చే ప్యాచ్ కూడా ఇచ్చాడు. ఆపిల్ అధికారికంగా సరిచేసింది కొన్ని రోజుల తర్వాత. ఆ మధ్య రోజుల్లో, కనీసం ఆ ఒక్క లోపం విషయంలో, జైల్‌బ్రేక్ చేసి ఆ ప్యాచ్ వేసుకున్న ఫోనే భద్రంగా ఉంది.

2016 ఆగస్టులో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ సంగతి బయటపడింది. యూఏఈలో అహ్మద్ మన్సూర్ అనే హక్కుల కార్యకర్తకు ఒక లింకుతో మెసేజ్ వచ్చింది. ఆయన నొక్కకుండా దాన్ని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులకు పంపాడు. నొక్కి ఉంటే ఏమయ్యేదంటే, ఫోన్ చడీచప్పుడు లేకుండా జైల్‌బ్రేక్ అయ్యేది, ఆ తర్వాత మైకు, కెమెరా, మెసేజ్‌లు అన్నీ వాళ్ల చేతిలోకి. యజమానికి దక్కని తాళంచెవిని, డబ్బిచ్చి కొనుక్కోగలిగినవాళ్లు సంపాదించుకున్నారు. పైగా ఫోన్ లోపల ఏం జరుగుతోందో యజమాని తొంగి చూద్దామన్నా అదే తాళం అడ్డం.

ఇక తాళం కంపెనీ చేతిలోనే ఉండాలనే పక్షం దగ్గరున్న అతి గట్టి వాదన ఒకటుంది. నాకు సులువుగా జవాబు దొరకనిది కూడా అదే. మోసగాడు ఫోన్ చేసి, కేసనో ఖాతా ఆగిపోయిందనో భయపెట్టి, "ఈ ఫైలు ఇన్‌స్టాల్ చేయండి, హెచ్చరిక వస్తే ఓకే నొక్కండి" అంటాడు. గాభరాలో ఉన్న మనిషి హెచ్చరికలు చదవడు. నా స్వేచ్ఛ కోసం ఉంచిన తలుపులోంచే వాడు వస్తున్నాడు. ప్లే స్టోర్ బయట నుంచి యాప్‌లు ఇచ్చే డెవలపర్లు కూడా తమ గుర్తింపు నిరూపించుకోవాలని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది ఈ కారణం చెప్పే. గోల మొదలయ్యాక, తెలిసి చేసేవాళ్లకు వేరే దారి ఉంచుతామంది. గుర్తింపు అడిగితే కొందరు మోసగాళ్లు ఆగుతారు, నిజమే. కానీ ఏ యాప్ బతకాలో తేల్చే అధికారం మొత్తం ఒకే గుమ్మం దగ్గర పోగుపడుతుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోనక్కర్లేదు. తలుపు తెరవడానికి ఒకటి రెండు రోజులు ఆగాల్సి వస్తే, ఫోన్ పట్టుకుని తొందరపెట్టే మోసగాడి పాచిక పారదు. నాలాంటివాడికి ఆ రెండు రోజులు పెద్ద లెక్క కాదు. బూట్‌లోడర్ తాళం తీయడానికి షావోమీ ఇలా రోజుల తరబడి ఆపేది. అప్పట్లో విసుక్కున్నాను. ఇప్పుడు అందులో కొంత న్యాయం కనిపిస్తోంది.

అసలు తాళం తీసేసి వదిలేయక్కర్లేని పద్ధతి కూడా ఉంది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో బూట్‌లోడర్ తాళం తీసి, మనకు నచ్చిన ఓఎస్ ఎక్కించి, ఆ ఓఎస్ తాళంచెవినే నమోదు చేసి, మళ్లీ లాక్ చేయొచ్చు. గ్రాఫీన్‌ఓఎస్ అనే ఓఎస్ చేసేది ఇదే. ఆన్ చేసినప్పుడల్లా ఇది వేరే ఓఎస్ అని పసుపు రంగు హెచ్చరిక ఒకటి వస్తుంది, అంతే. సంతకాల గొలుసు చెక్కుచెదరదు. చిప్ ఇచ్చే ధ్రువీకరణతో, ఇది ఫలానా తాళంచెవితో లాకైన ఫోన్ అని యాప్‌లు గుర్తుపట్టే వీలూ ఉంది. చాలా యాప్‌లు ఆ శ్రమ పడవు. కంపెనీ ముద్ర ఉందా లేదా చూసి చేతులు దులిపేసుకుంటాయి. నా పేచీ అంతా వాటితోనే.

చట్టాలు మెల్లగా కదులుతున్నాయి. ఫోన్ జైల్‌బ్రేక్ చేసుకోవడాన్ని అమెరికాలో 2010లో కాపీరైట్ చట్టం నిషేధం నుంచి మినహాయించారు. యూరోపియన్ యూనియన్‌లో 2024 మార్చి నుంచి ఐఫోన్‌లో వేరే యాప్ స్టోర్లకూ చోటు దొరికింది. అయితే తాళం తీసుకోవడం నేరం కాదనడం వేరు, తీసుకునే వీలు కంపెనీ ఇచ్చి తీరాలనడం వేరు. రెండోది ఇంకా చాలా దూరంలో ఉంది.

"మరైతే మేమూ చేసేయమంటారా?" అని అడుగుతారు మీరు. రోజూ వాడే ఒక్కగానొక్క ఫోన్‌ను రూట్ చేయొద్దు. అప్‌డేట్లు ఆగిపోయి సొరుగులో పడున్నది ఉంటే, ముందు డేటా వేరే చోట దాచుకుని, దాని మీద ప్రయత్నించి చూడండి. ఫైలు పేరు రెండుసార్లు చదువుకోండి.

నా పాత ఫోన్‌ను ఆ బ్యాంక్ యాప్ ఇప్పటికీ రానివ్వదు. అదే ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి అదే బ్యాంక్ వెబ్‌సైట్‌లోకి వెళ్తే మాత్రం, పాస్‌వర్డ్ అడిగి, ఓటీపీ అడిగి, రమ్మంటుంది. డబ్బు కూడా పంపనిస్తుంది.