పార, జాజికాయ, పుణ్యం: ‘పాలా’ అనే మాట పుట్టుకలు

సభకు నమస్కారం.

రోమన్ లిపిలో నాలుగే అక్షరాలు: పి, ఎ, ఎల్, ఎ. లాటిన్ నిఘంటువులో ఈ మాటకు ‘పార’ అని ఉంటుంది. ఇండోనేషియా నిఘంటువులో ‘జాజికాయ’ అని ఉంటుంది. రోమ్ రైతు పారకీ ఇండోనేషియాలోని బందా దీవుల జాజికాయకీ చుట్టరికం ఏమైనా ఉందా అంటే, లేదు. జాజికాయకు మాత్రం మనతో దగ్గరి చుట్టరికమే ఉంది.

ముందు లాటిన్ సంగతి. ఇక్కడ మొదటి అచ్చు దీర్ఘం, చివరిది హ్రస్వం. అంటే పలకడం అచ్చం మన ‘పాల’లాగే ఉంటుంది, అర్థం మాత్రం వేరు. రోమన్లు రాసేటప్పుడు దీర్ఘం గుర్తు మామూలుగా పెట్టేవారు కాదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. రెండు అచ్చులూ హ్రస్వాలుగా పలికే ‘పలమ్’ అనే అవ్యయం ఒకటి ఉంది, ‘బాహాటంగా’ అని దాని అర్థం. మన పార ద్వితీయా విభక్తిలోకి వెళితే ‘పాలమ్’ అవుతుంది. కాగితం మీద రెండూ ఒకటే. వాక్యంలో క్రియ ఏదో చూసుకోకపోతే పారను బాహాటం చేసేస్తాం.

రోమన్ రచయిత కేటో తన సేద్యపు గ్రంథంలో 240 యూగెరాల (రోమన్ల భూమి కొలత) ఆలివ్ తోటకు ఏమేం పనిముట్లు కావాలో జాబితా రాశాడు. అందులో ‘పాలా’లు 4 ఉండాలన్నాడు. పొలంలో అది పార. ఉంగరంలో రాయి పొదిగే గూటినీ ఇదే మాటతో పిలిచారు. రోమన్ వక్త సిసెరో ‘డె ఆఫికీస్’ మూడో భాగంలో గైజెస్ ఉంగరం కథ చెబుతూ, ఆ గూటిని అరచేతి వైపు తిప్పితే మనిషి మాయమయ్యేవాడు అంటాడు. అక్కడ ‘పార’ అని అనువదిస్తే కథ మొత్తం చెడుతుంది.

పుట్టుక విషయంలో ఎక్కువమంది పండితులు దీన్ని ‘పాంగెరె’ అనే క్రియ ధాతువుతో ముడిపెడతారు. నాటడం, దిగ్గొట్టడం అని దాని అర్థం. ఆ ధాతువులోని గకారం ఈ మాటలో ఏమైందని అడగాలి. సమాధానానికి ఆధారం పక్కింటి మాటలో దొరుకుతుంది. ‘పాలుస్’ అంటే గుంజ, దాని చిన్న రూపం ‘పాక్సిల్లుస్’. చిన్న రూపంలో ‘క్స్’ మిగిలింది, పెద్ద రూపంలో అది రాలిపోయి ముందున్న అచ్చు సాగింది. సిసెరో కూడా ‘ఓరాటోర్’లో ఈ జతలను గమనించాడు. కాకపోతే చిన్న రూపమే ముందుదని అనుకున్నాడు. చెవి సరిగానే విన్నది, లెక్క తిరగబడింది.

దీని సంతానం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇటలీలో పిజ్జాను పొయ్యిలోకి తోసే తెడ్డు ‘పాలా’. ఫ్రెంచిలో పార ‘పెల్’. చిత్రకారుల ‘పాలెట్’ కూడా ఈ ఇంటి బిడ్డే. వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చిలోని ‘పాలా డోరో’ మాత్రం ఈ కుటుంబం కాదు. అది వస్త్రం అనే అర్థమున్న ‘పల్లా’ నుంచి వచ్చింది.

ఇక ఇండోనేషియా. ‘పాలా’ అంటే జాజి చెట్టు, దాని కాయ, అందులోని గింజ కూడా. పండు పసుపు రంగులో ఉంటుంది, ముదిరితే రెండు చెక్కలుగా విచ్చుకుంటుంది. లోపల నల్లని పెంకు గింజ, దాన్ని అల్లుకుని ఎర్రని వలలాంటి పొర. ఆ పొర మన జాపత్రి. అక్కడ దాన్ని డచ్చి మాటతో ‘ఫూలీ’ అనో, సొంత మాటతో ‘బుంగా పాలా’ అనో అంటారు. బుంగా అంటే పువ్వు, అది పువ్వు కాకపోయినా. గింజను ఎండబెట్టి, ఊపితే లోపలి పప్పు గలగలలాడే దాకా ఆగి, పెంకు పగలగొడతారు. పైకండను పారేయరు, చక్కెరలో ఊరబెట్టి ‘మానిసాన్ పాలా’ చేస్తారు.

మూలం సంస్కృత ‘ఫల’. జాజికాయ సంస్కృత నామం జాతీఫలం. తెలుగు జాతిని జాజి చేసుకుని, ఫలం బదులు తన సొంత ‘కాయ’ను పెట్టుకుంది. అక్కడ నిలిచింది ఫలం ఒక్కటే. జాపత్రిలో కూడా ఆ జాతే ఉంది: జాతీపత్రి.

ఫకారం పకారం ఎందుకైంది? ఇండోనేషియా భాషకు మూలమైన మలయ్ భాషకు ఒత్తక్షరాలు లేవు. అరువు వచ్చిన మాటల్లో రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి ఒత్తు వదిలేయడం: భూమి ‘బూమి’ అయింది, ముఖం ‘మూకా’ అయింది. రెండోది ఆ ఒత్తులోని హకారాన్ని విడదీసి ఇంకో అక్షరం చేయడం: భాష ‘బహాసా’, భాగ్యం ‘బహాగియా’, భయం ‘బహాయా’ అయ్యాయి. బహాయా అంటే అక్కడ ప్రమాదం. ఫలం రెండు దారుల్లోనూ నడిచింది. మొదటి దారిలో జాజికాయ. రెండో దారిలో ‘పహాలా’, అంటే చేసిన మంచికి దేవుడిచ్చే ప్రతిఫలం, పుణ్యం. నేడు ఇండోనేషియా ముస్లింలు ఉపవాసానికీ దానానికీ దక్కే పుణ్యాన్ని ఈ మాటతోనే చెప్పుకుంటారు.

ఇంకొకటి ‘పలవీజా’. ఫలం, బీజం కలిసి జావా భాష మీదుగా వచ్చిన మాట. వరి కోశాక అదే పొలంలో వేసే మొక్కజొన్న, సోయా, వేరుశనగ లాంటి పంటలకు అక్కడి వ్యవసాయ శాఖ కాగితాల్లో ఉండే పేరు ఇదే.

ఒక జాగ్రత్త. జకార్తా వీధి మాటల్లో ‘పాలా పుసింగ్’ అని వినిపిస్తే అది జాజికాయ కాదు. ‘కెపాలా’ అంటే తల, మన కపాలమే. మొదటి అక్షరం మింగేసి పలుకుతున్నారు. తల తిరుగుతోంది అని దాని భావం. (జాజికాయ మోతాదు మించితే తల తిరిగే మాటా నిజమే, కానీ వ్యుత్పత్తికి అది ఆధారం కాదు.)

చివరగా, లాటిన్‌లోనే ఇంకో పాలా ఉంది. క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ తన ‘నాటురాలిస్ హిస్టోరియా’ పన్నెండో భాగంలో భారతదేశపు చెట్టు ఒకదాన్ని వర్ణించాడు. ఆకు పక్షి రెక్కలా ఉంటుందట, మూడు మూరల పొడవు, రెండు మూరల వెడల్పు. కాయ బెరడులోంచి పుడుతుందట, ఒకటి నలుగురికి సరిపోతుందట. చెట్టు పేరు పాలా, కాయ పేరు అరియేనా. ఆకు చూస్తే అరటి, కాయ చూస్తే పనస. వినికిడి మీద రాసినవాడు రెండు చెట్లను కలిపేసినట్టుంది. అందుకే పేరు కూడా ఒక కొలిక్కి రాదు: సంస్కృత ‘ఫల’ అనేవారున్నారు, తమిళంలో పనసను ‘పలా’ అంటారు కాబట్టి అదే అనేవారూ ఉన్నారు. అరియేనా వినగానే మన చెవికి ‘అరటి’ తగులుతుంది. కానీ ఆ చెట్టు ఎక్కువగా ఉండేది అలెగ్జాండర్ దండయాత్ర ఆగిన చోట అని ప్లినీయే రాశాడు. అంటే పంజాబు వైపు. అక్కడికి తెలుగు అరటి ఎలా చేరిందో దారి చూపనిదే ఆ ముడి వేయకూడదు.