వేషానికి పడే మార్కులు

(ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంకొన్ని వారాల్లో మీ కాలేజీకి కంపెనీలు రావడం మొదలవుతుంది. మీలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు చాలామందే ఉన్నారు. కోడ్ రాయమంటే రాస్తారు, రాత పరీక్ష గట్టెక్కుతారు. తీరా హెచ్ఆర్ ముందు కూర్చుని "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్న మాట వినగానే నోరు ఎండిపోతుంది. ఇవాళ ఆత్మవిశ్వాసం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట చాలా పెద్దది. అందుకే ఆ ఒక్క గది, ఆ ఒక్క ప్రశ్న దగ్గరే నిలబడి మాట్లాడతాను.

భయం పోవడానికి మీకు తరచుగా దొరికే సలహా ఒకటుంది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను గొప్పవాణ్ని, నేను గెలుస్తాను" అని పదిసార్లు అనుకోమంటారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త జోఆన్ వుడ్, ఆమె సహచరులు దీన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. "నేను ప్రేమించదగ్గ మనిషిని" అనే వాక్యాన్ని మళ్లీ మళ్లీ అనుకోమన్నారు. తమ మీద తమకు ముందే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకు కాస్త మేలు జరిగింది. ఆ అభిప్రాయం తక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం మనసు ఇంకా కుంగింది. కారణం ఊహించవచ్చు. నమ్మని మాట నోటితో అంటుంటే లోపల "అబద్ధం" అని ఇంకో గొంతు లేస్తుంది, ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు లేస్తుంది. అంటే ఈ సలహా ఎవరికి అవసరమో వాళ్లకే ఎదురు తిరుగుతోంది.

మరి నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? దీని మీద ఎక్కువ పని చేసినవాడు అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా. పాములంటే వణికిపోయే మనుషులతో ప్రయోగాలు చేశాడు. కొందరికి పాముల్ని పట్టుకునే వాళ్ల సినిమా చూపించారు. కొందరికి ఎదురుగా ఒకరు పట్టుకుని చూపించి, తర్వాత వాళ్లచేతే మెల్లమెల్లగా ముట్టించారు. అందరికంటే ఎక్కువగా భయం తగ్గింది తమ చేత్తో ముట్టినవాళ్లకే. 1977లో ఆయన దీన్ని సిద్ధాంతంగా రాశాడు. నమ్మకానికి నాలుగు దారులున్నాయి: స్వయంగా చేసి గట్టెక్కిన అనుభవం, మనలాంటివాడు చేస్తుంటే చూడటం, నమ్మదగిన మనిషి చెప్పే మాట, ఒంట్లో కలిగే దడను మనం అర్థం చేసుకునే తీరు. నాలుగింటిలో మొదటిదే బలమైనది. ధైర్యం వచ్చాక మాట్లాడదాం అని కూర్చుంటే అది రాదు, నాలుగుసార్లు మాట్లాడాక వస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఇవాళ నేను గట్టిగా చెప్పదలచుకున్నది దాని గురించే. చేసి గట్టెక్కిన ప్రతి అనుభవమూ నమ్మకంగా మారదు. గట్టెక్కింది నేనేనని మనసు ఒప్పుకుంటేనే మారుతుంది. బట్టీ పట్టిన పేరాతో, అరువు తెచ్చుకున్న యాసతో, చేయని ప్రాజెక్టుతో ఇంటర్వ్యూ దాటితే, మనసు ఆ మార్కులు వేషానికి వేస్తుంది. "ఈసారి బయటపడలేదు, వచ్చేసారి పట్టుబడతాను" అంటుంది. ఉద్యోగం వచ్చాక కూడా ఈ భయం వదలదు, పైగా జీతంతో పాటు పెరుగుతుంది. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వవేత్తలు 1995లో సామాజిక భయం ఎందుకు తగ్గదో వివరించారు. మనిషి తనను కాపాడుకోవడానికి చేసే చిన్న చిన్న పనులే ఆ భయాన్ని బతికిస్తాయన్నది అందులో ముఖ్యమైన మాట. ఈ పనుల్ని ఊతకర్రలు అందాం.

ఇంటర్వ్యూ గదిలో కనిపించే ఊతకర్రలు ఇవి. మధ్యలో ఆపి ప్రశ్న అడుగుతారేమోనని గుక్క తిప్పుకోకుండా చెప్పేయడం. నోరు తెరిచేముందు ప్రతి వాక్యాన్ని లోపల తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చుకుని, వ్యాకరణం సరిచూసుకోవడం. చేతులు వణకడం కనబడకుండా ఫైలు బిగించి పట్టుకోవడం. ఊరిపేరు చెప్పకుండా జిల్లా కేంద్రం పేరుతో సరిపెట్టడం. నాన్నగారు ఏం చేస్తారంటే గొంతు తగ్గించి "అగ్రికల్చర్" అని గొణగడం. వీటిలో ప్రతిదీ మీ ధ్యాసను ఎదుటి మనిషి మీదనుంచి లాగి మీ మీద పెడుతుంది. అడిగిన ప్రశ్న సగమే వినబడుతుంది. జవాబు పక్కదారి పడుతుంది. ఇంగ్లీషు రాకపోవడంవల్ల పోయిందని బయటికొచ్చి అనుకుంటారు. చాలాసార్లు పోయింది ప్రశ్న సరిగా వినకపోవడంవల్ల.

యాస సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తెలుగువాళ్లం ఎం అనే అక్షరాన్ని "యమ్" అంటాం, మాట చివర ఒక ఉకారం తగిలిస్తాం. దీనివల్ల ఎవరికీ అర్థం కాకుండా పోదు. అర్థం కాకుండా చేసేది వేగం. నిమిషానికి 120 నుంచి 140 మాటల మధ్య మాట్లాడితే ఏ యాస అయినా అర్థమవుతుంది. కంగారులో ఆ వేగం ఎక్కడికో వెళ్లిపోతుంది. ఫోన్‌లో ఒక నిమిషం రికార్డు చేసి, మాటలు లెక్కపెట్టి చూసుకోండి. అమెరికా యాస కోసం పెట్టే సమయంలో సగం వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగడం మీద పెట్టండి.

ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు తయారు చేద్దాం. మీలో చాలామంది జవాబు ఇలా ఉంటుంది: "మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ ఫ్రమ్ ఫలానా, మై స్ట్రెంత్స్ ఆర్ హార్డ్‌వర్క్, క్విక్ లెర్నర్, పాజిటివ్ యాటిట్యూడ్, మై హాబీస్ ఆర్ లిజనింగ్ మ్యూజిక్." దీంట్లో అబద్ధమేమీ లేదు. చెప్పినవాడు కూడా లేడు. పేరు తీసేసి పక్కవాడి పేరు పెట్టినా చెల్లుతుంది. అవతలివైపు కూర్చున్నవాళ్లు పొద్దుటినుంచి ఇదే పేరా వింటున్నారు.

కదిరి దగ్గర ఊళ్లో వేరుశనగ వేసే ఇంటినుంచి వచ్చి ఈసీఈ చదివే అమ్మాయి అనుకుందాం. 90 సెకన్లు ఇస్తాం, అంటే సుమారు 190 మాటలు. మొదటి 15 సెకన్లలో పేరు, ఊరు, బ్రాంచి. ఊరు ఊరుగానే చెప్పాలి. తర్వాతి ఒక నిమిషం తను చేసిన ఒకే ఒక్క పని. "మా పొలం బోరుకి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక నాన్న రాత్రిళ్లు వెళ్లి చూసేవారు. కరెంటు రాగానే ఫోన్‌కి మెసేజ్ పంపే బోర్డు చేశాను. మొదట్లో మెసేజ్ పంపే సమయానికే అది రీసెట్ అయ్యేది. మెసేజ్ పంపే సిమ్ 800 మాడ్యూల్ నెట్‌వర్క్‌తో మాట్లాడే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుందనీ, దానివల్ల వోల్టేజి పడిపోతోందనీ తర్వాత తెలిసింది. మంచి సప్లై ఇచ్చి, పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాక నిలబడింది." చివరి 15 సెకన్లు ఈ ఉద్యోగంలో ఏ పని తనను లాగిందో.

ఆ మధ్య భాగంలో "హార్డ్‌వర్క్" అనే మాట ఎక్కడా లేదు చూడండి. "క్విక్ లెర్నర్" లేదు. అయినా రెండూ వినబడుతున్నాయి. పని చెడిన చోటు, ఎందుకు చెడిందో కనిపెట్టిన తీరు చెప్పడం అన్నిటికంటే ముఖ్యం. వేరే ఎవరి దగ్గరినుంచో తెచ్చిన ప్రాజెక్టులో అంతా సవ్యంగానే జరిగి ఉంటుంది, ఎందుకంటే అది పాడైనప్పుడు ఆ విద్యార్థి అక్కడ లేడు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు దీన్ని వెంటనే పసిగడతారు.

దీన్ని వాక్యాలుగా రాసి బట్టీ పట్టకండి. బట్టీ పట్టినది ఒక మాట జారితే మొత్తం కూలుతుంది, మళ్లీ "మైసెల్ఫ్" దగ్గరినుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. చిన్న కాగితం మీద ఆరు మాటలు రాయండి: ఊరు, బోరు, మెసేజ్, రీసెట్, కెపాసిటర్, ఈ ఉద్యోగం. వాటిని చూస్తూ ప్రతిసారీ కొత్త వాక్యాలతో చెప్పండి. మొదట రెండుసార్లు తెలుగులోనే చెప్పండి. విషయం తెలుగులో వరుసగా రాకపోతే ఇంగ్లీషులో ఎలాగూ రాదు.

రెజ్యూమె దగ్గర ఒకటే నియమం. మీరు రాసిన ప్రతి పంక్తి మీద మూడు ప్రశ్నలకు నిలబడగలరా? పైథాన్ అని రాస్తే లిస్టుకూ టపుల్‌కూ తేడా అడుగుతారు, చిన్న ప్రోగ్రాం రాయమంటారు, ఎక్కడ వాడారని అడుగుతారు. మూడో ప్రశ్నకు నిలబడలేని పంక్తిని కొట్టేయండి. కాగితం సగమైనా పరవాలేదు. తెలియని ప్రశ్న వస్తే "తెలియదు" అని ఊరుకోకండి, తెలిసినట్టు అల్లకండి కూడా. "ఇది నేను చదవలేదు. దీనికి దగ్గరగా ఫలానాది తెలుసు, దాన్నిబట్టి ఇలా ఉండొచ్చనుకుంటున్నాను" అనండి. ఈ వాక్యాన్ని పది రకాల ప్రశ్నల మీద గట్టిగా పలికి సాధన చేయాలి, లేకపోతే ఆ క్షణానికి నాలుక మీదికి రాదు.

నిజాయితీ అంటే అన్నీ కక్కేయడమని కొందరు పొరబడతారు. మీ ఇంటి అప్పులు, కులం, పెళ్లి సంగతులు ఆ గదిలో చెప్పాల్సిన అవసరం లేదు. "అది నా వ్యక్తిగత విషయం, సర్" అని నవ్వుతూ అనొచ్చు. చెప్పేది నిజమై ఉండాలి. ఏది చెప్పాలన్నది మీ ఇష్టం.

ఇక ఒంటి సంగతి. గుండె దడ, చెమట, పొడిబారిన నోరు ఎప్పటికీ పూర్తిగా పోవు, పోవాల్సిన పనీ లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో చూపించినదేమిటంటే, ప్రసంగానికి ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్లకంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారు. కొట్టుకునే గుండెను ఆపడం కష్టం, దానికి వేరే అర్థం ఇవ్వడం తేలిక. ఇందాకటి అద్దం వాక్యానికీ దీనికీ ఒక తేడా ఉంది: గుండె నిజంగానే కొట్టుకుంటోంది కాబట్టి లోపలి గొంతు దీన్ని కాదనదు. బయట వేచి ఉన్నప్పుడు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. ఐదు నిమిషాలు చాలు. స్నేహితుడిచ్చిన దడ తగ్గించే మాత్ర మాత్రం వేసుకోకండి. ప్రొప్రనొలాల్ లాంటి మందు ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది.

మీ వణుకు మీకు కనబడినంతగా ఎవరికీ కనబడదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త థామస్ గిలోవిచ్ బృందం చేసి 2000లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులకు సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి గదిలోకి పంపారు. గదిలో సగంమంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించినవాళ్లు పావువంతు మంది.

వినడంవల్ల దీని మీద నమ్మకం కుదరదు. అందుకని వీడియో తీయాలి, దానికో పద్ధతుంది. తీశాక వెంటనే చూడకండి. ముందు కాగితం మీద "చేతులు ఎంత వణికాయి, ఎన్నిసార్లు ఆగాను, ముఖం ఎలా ఉంది" అని మీ అంచనా రాయండి, ఒక్కోదానికి పదికి మార్కులు వేయండి. తర్వాత ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టు చూసి మళ్లీ మార్కులు వేయండి. రెండు అంకెల మధ్య తేడా మీరే చూస్తారు. అంచనా రాయకుండా చూస్తే తప్పులే ఏరుకుంటారు, భయం పెరుగుతుంది. చాలామంది వీడియో సాధన రెండోరోజే మానేసేది ఇందుకే.

తర్వాత మెట్లు కట్టుకోండి. సున్నా నుంచి వంద దాకా భయానికి అంకె వేసి ఎనిమిది పనులు రాయండి. క్లాసులో ఒక సందేహం అడగడం 30 కావచ్చు. సీనియర్ ముందు 90 సెకన్ల పరిచయం 50, గ్రూప్ డిస్కషన్‌లో మొదట నోరు తెరవడం 70, తెలియని లెక్చరర్‌తో మాక్ ఇంటర్వ్యూ 80. ముప్పై, నలభై దగ్గర మొదలుపెట్టండి. ప్రతి మెట్టుకు ముందు "ఏం జరుగుతుందని భయపడుతున్నాను" అని ఒక వాక్యం, తర్వాత "ఏం జరిగింది" అని ఇంకో వాక్యం. "బాగా చేయలేను" అని రాస్తే పనికిరాదు, దాన్ని తేల్చలేం. "అందరూ నవ్వుతారు" అని రాస్తే తేల్చవచ్చు. ప్రతి మెట్టు మీదా ఒక ఊతకర్ర వదిలేయండి: ఒకసారి ఫైలు, ఒకసారి వేగం. ఒకే మెట్టును వేర్వేరు మనుషుల ముందు మూడు నాలుగుసార్లు ఎక్కాకే పైదానికి వెళ్లండి. వారానికి ఒకటి చొప్పున రెండు నెలల్లో అయిపోతుంది. నేరుగా 90 దగ్గర దూకి, దెబ్బ తిని, "నావల్ల కాదు" అని తేల్చేసుకోవడం ఎక్కువగా జరిగే పొరపాటు.

ఒక్క మాట వేరుగా చెప్పాలి. మనుషుల ముందుకు రావాలంటేనే నెలల తరబడి భయం, క్లాసులకూ మెస్సుకూ వెళ్లలేకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే ఈ మెట్లతో సరిపెట్టుకోకండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మంచి వైద్యంతో ఈ భయం తగ్గుతుంది.

ఇప్పుడు నోటుబుక్కులు తీయండి. ఆరు మాటలు రాయడానికి మూడు నిమిషాలు. అందులో ఒకటి మీ పని చెడిపోయిన చోటు కావాలి. తర్వాత బేసి వరుసలవాళ్లు వెనక్కి తిరిగి, వెనక కూర్చున్నవాళ్లకు 90 సెకన్లు చెప్పండి, తెలుగులోనే. వినేవాళ్లు మధ్యలో మాట్లాడొద్దు. చివర్లో ఒకే ప్రశ్న అడగండి: అది ఎందుకు చెడింది?