ఈ ఫ్రిజ్‌కి గ్యాస్ పట్టకండి

(విజయవాడ ఆటోనగర్‌లో కుర్ర మెకానిక్‌ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సాయంత్రం బేరం వదులుకుని, షట్టర్లు దించేసి వచ్చారు కాబట్టి నేరుగా పనిలోకి దిగుతాను.

లారీ బాడీలు, బస్సు బాడీలు కట్టే మన ఆటోనగర్ చేతుల్లోకి ఇప్పుడు కారవాన్‌లు కూడా వస్తున్నాయి. మంచాలు, వంటగట్టు, టాయిలెట్ మనవాళ్ళకి కొత్త కాదు. కొత్తదల్లా గోడలో బిగించే ఆ ఫ్రిజ్. చాలావాటిలో కంప్రెసర్ ఫ్రిజ్‌లే ఉంటాయి, వాటి సంగతి మీకు తెలుసు. బయటి దేశాల నుంచి తెప్పించిన వాటిలో కొన్ని మాత్రం వంటగ్యాస్ మంట మీద నడుస్తాయి. ఈ రోజు మాట వాటి గురించే.

మొన్న మే నెలలో ఒక కుటుంబం అలాంటి కారవాన్‌లో సూర్యలంక బీచ్‌కి బయల్దేరింది. వారధి ఎక్కకముందే ఫ్రిజ్ చల్లబడటం లేదని ఒక షెడ్డు దగ్గర ఆపారు. వాళ్ళు నాకు ఫోన్ చేసి, నేను వెళ్ళేసరికి అక్కడి కుర్రాడు వెనక పైపుకి కట్టర్ బిగించేసి ఉన్నాడు. "గ్యాస్ అయిపోయింది బాబాయ్, పట్టేస్తే సరి" అన్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ పైపులో అమ్మోనియా, హైడ్రోజన్ ఉన్నాయి. ఒత్తిడి 20 బార్ దాకా ఉంటుంది, అంటే లారీ టైరులో గాలికి రెండింతల పైనే. జానెడు దూరంలో బర్నర్ ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆ కుర్రాడు చేతగానివాడు కాదు. కంప్రెసర్ ఫ్రిజ్‌లు వందలు బాగుచేశాడు. చిక్కంతా 'గ్యాస్' అనే మాటతో వచ్చింది. మన వాడుకలో సిలిండర్‌లోదీ గ్యాసే, కంప్రెసర్‌లో పట్టేదీ గ్యాసే. ఇక్కడ సిలిండర్ గ్యాస్ పని వేడి పుట్టించడం వరకే. చల్లదనం పుట్టించేది సీలు చేసిన పైపుల్లో ఉంటుంది, ఫ్యాక్టరీలో ఒక్కసారి నింపిందే. దాన్ని షెడ్డులో నింపే మార్గం లేదు. మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి.

మంటతో చలి ఎలా పుడుతుందని అందరూ అడుగుతారు. 1922లో స్టాక్‌హోమ్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న బాల్ట్సార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టెర్స్ అనే ఇద్దరు కుర్రాళ్ళు కనిపెట్టిన ఏర్పాటు ఇది. నీళ్ళలో కలిసిన అమ్మోనియాని కింద మంట కాస్తుంది. అమ్మోనియా ఆవిరై పైకెక్కి, రెక్కల పైపుల్లో చల్లారి ద్రవమవుతుంది. అది కిందికి జారి హైడ్రోజన్‌లో కలిసినప్పుడు మళ్ళీ ఆవిరవుతూ పెట్టెలోని వేడిని లాగేస్తుంది. తడిసిన కుండ నీళ్ళని చల్లబరిచినట్టే అనుకోండి. తర్వాత నీళ్ళు ఆ అమ్మోనియాని మళ్ళీ పీల్చుకుంటాయి. మోటారు లేదు, కదిలే భాగం లేదు. హోటల్ గదుల్లో చప్పుడు చెయ్యని చిన్న ఫ్రిజ్‌లు ఉంటాయి చూడండి, వాటిలో చాలావరకు ఈ జాతివే. కాకపోతే అవి కరెంటుతో వేడెక్కుతాయి.

లోపల తోసే మోటారు లేదు కాబట్టి ద్రవం తన బరువుతోనే జారాలి. అందుకే టూల్ బాక్స్ తెరిచే ముందు ఫ్రిజ్ లోపలి అరలో రసమట్టం, అదే వాలు చూపించే బుడగ గొట్టం, పెట్టండి. బండి రెండు మూడు డిగ్రీలకు మించి వాలితే ద్రవం దారిలోనే ఆగిపోతుంది. కింద మంట మాత్రం కాస్తూనే ఉంటుంది. చాలాసేపు అలా నడిస్తే, తుప్పు పట్టకుండా లోపల కలిపే రసాయనం గట్టిపడి పైపుని మూసేస్తుంది. అప్పుడిక ఆ సీలు పైపుల యూనిట్ మొత్తం పోయినట్టే. బండి నడుస్తున్నప్పుడు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఏమీ కాదు, ఆపిన చోటే జాగ్రత్త.

రెండోది, ఎన్ని గంటలైందని యజమానిని అడగండి. కంప్రెసర్ ఫ్రిజ్‌లా ఇది గంటలో చల్లబడదు. నాలుగైదు గంటలు మామూలు, మన ఎండల్లో రాత్రంతా పట్టొచ్చు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో బెజవాడ 45 డిగ్రీలు చూస్తుంది. ఉష్ణదేశాలకని 'టీ' గుర్తు వేసిన ఫ్రిజ్‌ని కూడా 43 డిగ్రీల వరకే లెక్కేసి చేస్తారు. చల్లటి దేశాల కోసం చేసింది మన మేలో ఓడిపోతే అది రిపేరు కిందికి రాదు. ఫ్రిజ్ వెనక గాలి ఆడే జాలీలున్న వైపు నీడ పడేలా బండి నిలపమనండి. ముందు రోజు రాత్రే ఆన్ చేసి, చల్లటి వస్తువులే లోపల పెట్టమనండి. పై జాలీ దగ్గర చిన్న 12 వోల్టుల ఫ్యాను బిగిస్తే తేడా తెలుస్తుంది.

జాలీలు ఎప్పుడూ రెండుంటాయి, కింద ఒకటి, పైన ఒకటి. కింద నుంచి వచ్చిన గాలి వేడెక్కి పై నుంచి పోవాలి. దుమ్ము రాకూడదని మనవాళ్ళు వాటి వెనక స్పాంజి అతికించడం నేను చూశాను. దానికంటే ఘోరం, సిలిండర్ గూడులో నేల మీద ఉండే రంధ్రాన్ని సిలికాన్‌తో మూసేయడం. ఆ రంధ్రం పొరపాటున మిగిలింది కాదండీ. వంటగ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. గాలిలో అది సుమారు 2 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రంధ్రం గుండా అది బండి కిందికి పోవాలి. బాడీ కట్టేవాళ్ళు ఇక్కడ ఎవరున్నా, దయచేసి దాన్ని ముయ్యకండి.

ఇక తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. బండిని కరెంటుకి కలిపి, గ్యాస్‌తో పాటు కరెంటు మీదా నడిచే ఈ ఫ్రిజ్‌ని 230 వోల్టుల మీద పెట్టండి. దాని మీద చల్లబడి, గ్యాస్ మీద చల్లబడకపోతే పైపులు బాగున్నట్టే. తప్పు బర్నర్ వైపు ఉంది. చాలాసార్లు ఇదే.

బర్నర్ తెరిచే ముందు సిలిండర్ కట్టేసి, చల్లారేదాకా ఆగండి. చిమ్నీ నుంచి రాలిన తుప్పు పొలుసులు, సాలెగూళ్ళు, కందిరీగల మట్టి, సగం రోగాలు వీటి వల్లే. బ్రష్‌తో దులిపి గాలి కొట్టండి. గ్యాస్ బయటికి వచ్చే సన్న రంధ్రం ఉన్న జెట్‌కి మాత్రం సూది తగలకూడదు. నేర్చుకునే రోజుల్లో ఒక జెట్‌ని నేను సన్నటి తీగతో పొడిచాను. వెంటనే మంట ఎత్తుగా లేచింది, బాగైందని సంతోషించాను. వారం తిరక్కుండా చిమ్నీ నిండా మసి. రంధ్రం పెద్దదై గ్యాస్ ఎక్కువొస్తోంది, దానికి సరిపడా గాలి లేదు. ఆ బండిలో చిన్నపిల్లలు పడుకునేవాళ్ళు. అది తలుచుకుంటే ఈ రోజుకీ నాకు నిద్ర పట్టదు. జెట్‌ని స్పిరిట్‌లో నానబెట్టి గాలి ఊదండి. పోకపోతే అదే నంబరు కొత్త జెట్ వెయ్యండి.

మంట నీలంగా, చప్పుడు లేకుండా నిలబడాలి. పసుపు తిరిగితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతోందని అర్థం. దానికి వాసన లేదు, రంగు లేదు. ఏసీ వేసుకుని తలుపులు బిగించి పడుకున్నవాళ్ళకి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. అందుకే ఫ్రిజ్ వెనక భాగానికీ మనుషులుండే గదికీ మధ్య సందు లేకుండా సీలు ఉండాలి. ఫ్రిజ్ బయటికి తీసి మళ్ళీ పెట్టిన ప్రతిసారీ ఆ సీలు కొత్తగా వెయ్యండి. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని బండిని నేను తిరిగి ఇవ్వను.

నాబ్ నొక్కినంతసేపూ వెలిగి, వదలగానే ఆరిపోతుంటే థర్మోకపుల్ చూడండి. మంటలో తల పెట్టుకుని కొద్ది మిల్లీవోల్టులు పుట్టిస్తుంది, దానితోనే గ్యాస్ వాల్వు తెరుచుకుని ఉంటుంది. మంట ఆరితే వాల్వు మూసుకుపోతుంది. తల మంటలో లేకపోయినా, మసి పట్టినా, నట్టు వదులైనా ఆరిపోతుంది. మార్చండి, అంతేగానీ వాల్వుని తెరిచి కట్టేసే పని చెయ్యకండి. రక్షణని తీసేసి ఫ్రిజ్ నడిపించడం రిపేరు కాదు.

ప్రెషర్ కూడా చూసుకోండి. మన ఇంటి రెగ్యులేటర్ సుమారు 30 మిల్లీబార్ ఇస్తుంది, చాలా ఫ్రిజ్‌లు దానికి దగ్గరే. పాత జర్మన్ బండ్లలో 50 అని ఉంటుంది. ఫ్రిజ్ మీద వివరాలు రాసి ఉండే రేటింగ్ ప్లేటు చదివాకే బిగించండి. టీ బండి భట్టీకి వాడే హైప్రెషర్ రెగ్యులేటర్ అసలు పెట్టొద్దు. ఏ జాయింటు విప్పినా సబ్బు నురగ పూసి చూడండి, అగ్గిపుల్లతో వద్దు. లీకు మీ చేతిలో ఆగకపోతే సిలిండర్ మూసి, మనుషుల్ని దించి, స్విచ్చులు ముట్టుకోకుండా 1906కి ఫోన్ చెయ్యండి. బంకులోకి వెళ్ళేముందు ఫ్రిజ్ మంట ఆర్పమని ప్రతి డ్రైవర్‌కీ చెప్పండి.

గ్యాస్ మీదా కరెంటు మీదా వేడెక్కుతోంది, రసమట్టం సరిగా ఉంది, రాత్రంతా ఉంచినా చల్లబడలేదు, అప్పుడు యూనిట్ మీద అనుమానం. వెనక పైపుల మీద పసుపు పొడి కనిపించిందా, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసినవాళ్ళకి తెలిసిన ఆ అమ్మోనియా ఘాటు తగిలిందా, లీకైనట్టే. ఆపేసి, తలుపులు తెరిచి బయటికి రండి. ఆ పొడి విషం, వట్టి చేత్తో తుడవొద్దు. వెల్డింగ్ పెట్టొద్దు. యూనిట్ మొత్తం మార్చడమే. ఖర్చు ఎక్కువని యజమాని బాధపడతాడు, నిజమే. అయినా ఆ ధరకి కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టుకోమని చెప్పడానికి నేను వెనకాడను, మన ఎండకి అదే మేలు.

ఆ బల్ల మీద పాత బర్నర్ ఒకటి బిగించి ఉంచాను. కిటికీలు తెరవండి, మంట కదలకుండా ఫ్యాన్లు ఆపండి. ముందు నీలం మంట చూపిస్తాను. తర్వాత గాలి రంధ్రానికి చిన్న రేకు అడ్డం పెడతాను. ఆ రంగు ఎలా మారుతుందో దగ్గరికి వచ్చి చూడండి.