డాన్స్, థియేటర్ కలిపి డిగ్రీ చేస్తే ఏం నేర్పిస్తారు?

[తెరపై: ఖాళీ రిహార్సల్ గది. మధ్యలో ఒక కుర్చీ.]

చిన్న పని. కుర్చీలోంచి లేచి తలుపు దాకా నడవాలి, అంతే. డాన్స్ నేర్చుకున్నవాళ్లు ముందు అడిగేది, "ఎన్ని కౌంట్లలో?" అని, అంటే తాళంలో ఎన్ని లెక్కలకి అని. నటన నేర్చుకున్నవాళ్లు అడిగేది, "అసలెందుకు వెళ్తున్నాను?" అని. ఈ రెండు ప్రశ్నలూ ఒకే మనిషికి ఒకేసారి తట్టాలి. డాన్స్, థియేటర్ కలిపి మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) చేయడంలో అసలు చదువంతా అదే. రెండు సగం డిగ్రీలు అతికించడం కాదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. నాట్యశాస్త్రంలో ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం, నాలుగూ అభినయం కిందికే వస్తాయి. అంటే ఒళ్లు, మాట, వేషం, లోపలి భావం అన్నీ ఒకచోటే. ఇక మొన్నమొన్నటి ఉదాహరణ కావాలంటే జర్మన్ కొరియోగ్రాఫర్ పీనా బౌష్. 1973లో జర్మనీలోని వుప్పర్టాల్‌లో డాన్స్ బృందం బాధ్యత తీసుకున్నారు. రిహార్సల్లో డాన్సర్లను ప్రశ్నలు అడిగి, వాళ్ల జవాబుల్లోంచే ప్రదర్శనలు అల్లేవారు. ఆమె డాన్సర్లు స్టేజీ మీద మాట్లాడతారు కూడా.

[తెరపై: ఇద్దరు విద్యార్థులు, ఎదురెదురుగా.]

మరి క్లాసులో ఏం జరుగుతుంది? డాన్స్ సిద్ధాంతకర్త రుడాల్ఫ్ లాబాన్ కదలికను బరువు, కాలం, స్థలం, ప్రవాహం అనే నాలుగు కోణాల్లో చూశాడు. వీటిలో మొదటి మూడూ కలిస్తే ఎనిమిది రకాల చర్యలొస్తాయి. గుద్దడం, నొక్కడం, పిండడం, విదిలించడం, ఇలా. ఇప్పుడు "వెళ్లిపో" అనే మాట తీసుకోండి. ఎదుటివాళ్లను రెండు చేతులతో మెల్లగా, బరువుగా నెడుతూ అనండి. తర్వాత దుమ్ము దులిపినట్టు వేళ్లు విదిలిస్తూ అనండి. గొంతు దానంతటదే మారిపోతుంది. మొదటిసారి బాధ, రెండోసారి చులకన. ఒళ్లు మారితే మాట మారుతుందని లెక్చర్ కన్నా ఈ ఐదు నిమిషాలే బాగా చెబుతాయి.

కష్టమంతా ఊపిరి దగ్గర వస్తుంది. డాన్స్ క్లాసులో పొట్ట బిగబట్టి వెన్ను నిలబెట్టడం అలవాటవుతుంది. వాయిస్ క్లాసుకి వెళ్తే పొట్ట వదిలేయండి, ఊపిరి కిందిదాకా దిగాలి అంటారు. రెండూ నిజమే, అక్కడే టెన్షన్! మూడు గెంతులేసి వెంటనే పెద్ద డైలాగ్ చెప్పాలంటే, ఊపిరి ఎక్కడ పీల్చాలో కూడా స్టెప్పుతో పాటే ప్రాక్టీస్ చేయాలి. స్క్రిప్టు అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవడం మంచి అలవాటు.

లైటింగ్, కాస్ట్యూమ్స్, స్టేజ్ మేనేజ్‌మెంట్ కూడా చాలా కోర్సుల్లో ఉంటాయి. వీటిని చిన్నచూపు చూడకండి, చదువయ్యాక పని దొరికే దారుల్లో ఇవీ ఉన్నాయి. నాటకాలకు కదలికలు కూర్చేవాళ్లు, మ్యూజికల్స్‌లో నటించేవాళ్లు, టీచర్లు కూడా ఈ చదువులోంచి వస్తారు.

ఒకటి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. మీ గురి బ్యాలే కంపెనీ మీదే ఉంటే ఈ మేజర్ వద్దు. రోజులో ఉన్న గంటలే రెండుగా పంచుకోవాలి, అక్కడ పోటీపడేది పొద్దస్తమానం డాన్స్ మీదే ఉన్నవాళ్లతో. పైగా సాయంత్రాలు రిహార్సళ్లకే పోతాయి. కాళ్లనొప్పులు, గొంతు బొంగురు ఒకే వారంలో రావచ్చు.

[తెరపై: స్టేజీ మీద ప్రదర్శన.]

చేరేముందు ఆ కాలేజీ ఫైనలియర్ ప్రొడక్షన్ వీడియో దొరికితే చూడండి. డైలాగ్ ఆపేసి డాన్స్, డాన్స్ ఆపేసి డైలాగ్ అన్నట్టుంటే, అక్కడ రెండు డిపార్ట్‌మెంట్లూ ఇంకా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవట్లేదన్నమాట. అలాంటిచోట ఒకటి మేజర్‌గా, రెండోది మైనర్‌గా తీసుకోవడమే నయం.