డ్రైవర్ చెప్పిన మాట

ప్రిన్సిపాల్ గారికి, ఇన్నేళ్లు నాతో పనిచేసిన తోటి ఇన్‌స్ట్రక్టర్లకు, ఈ ఏడాది మన ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ పూర్తి చేసుకుని వెళ్తున్న పిల్లలకు నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురుగాని, ముందు నన్ను మాట్లాడనివ్వండి.

ఉద్యోగావకాశాల గురించి చెప్పమన్నారు. కాగితం మీద రాసుకొచ్చాను కూడా. కానీ పొద్దున మీ వర్క్‌షాపులోకి వెళ్తే ఇద్దరు అబ్బాయిలు పాత మారుతి 800 బానెట్ ఎత్తి, ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్ విప్పుతున్నారు. ఏమిటి బాబూ జబ్బు అంటే, "ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి కాదు సార్. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. కాయిల్ మారిస్తే పోతుందేమో" అన్నారు. నా కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆ "ఏమో" గురించే మాట్లాడతాను.

అసలు స్టార్టే కాని బండి సుఖం. జబ్బు మీ కళ్ల ముందే ఉంటుంది. అప్పుడప్పుడూ మొరాయించే బండితోనే చిక్కు. రోడ్డు మీద నాలుగుసార్లు ఆగుతుంది, షెడ్డుకి తెచ్చేసరికి బుద్ధిగా నడుస్తుంది. అప్పుడే మన చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి మార్చేస్తాం.

1980ల మొదట్లో నేను బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. మా షెడ్డుకి ఒక టాక్సీ డ్రైవర్ వచ్చేవాడు. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. సొంత బండి, పెట్రోల్ అంబాసిడర్, అప్పు చేసి కొనుక్కున్నది. బందరు కిరాయి వెళ్తే కంకిపాడు దాటాక బండి ఎగిరెగిరి పడి ఆగిపోయేది. పావుగంట ఆగి సెల్ఫ్ కొడితే మళ్లీ కదిలేది.

మా మేస్త్రీ వేడికి కాయిల్ పోతోందన్నాడు. ఆ మాట తప్పని ఇప్పటికీ అనను. కాయిల్ లోపలి చుట్ట తెగే దశలో ఉంటే వేడెక్కినప్పుడు కరెంటు ఆగుతుంది, చల్లారితే మళ్లీ వస్తుంది. కాయిల్ మార్చాడు. పది నిమిషాలు ఆటోనగర్ వీధుల్లో తిప్పి "ఓకే" అన్నాడు. నాలుగు రోజులకి బండి మళ్లీ వచ్చింది. ఆ కరెంటు దారిలోనే ఉండే పాయింట్లు, కండెన్సర్ మార్చారు. మళ్లీ వచ్చింది. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పంపే కార్బురేటర్ విప్పి కడిగి కిట్ వేశారు. తర్వాత పెట్రోలు పంపులో పెట్రోలుని లాగే పొర, డయాఫ్రమ్, మార్చారు. ప్రతిసారీ బాబాయ్ డబ్బు కట్టాడు.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన ఒక మాట అన్నాడు. "మేస్త్రీ గారూ, ఉయ్యూరు బంకులో పెట్రోలు పోయించుకుంటే అక్కణ్ణించి పామర్రు దాకా ఏ గొడవా ఉండట్లేదండీ." మేస్త్రీ నవ్వాడు. "పెట్రోలు పోస్తే కాయిల్ బాగవుతుందా?" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పిల్లలూ, జబ్బు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

అప్పులవాళ్లు మీద పడుతుంటే ఆయన బండి అమ్మకానికి పెట్టాడు. బందరు నుంచి వస్తూ దారిలో రెండుసార్లు ఆగి, నేరుగా షెడ్డుకి తెచ్చాడు. బ్రోకరు పెట్రోలు ఎంత ఉందో పుల్ల పెట్టి చూద్దామని ట్యాంకు మూత తిప్పాడు. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. నేను పక్కనే ఉన్నాను. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

పాత బండి మూతకి చిన్న గాలి రంధ్రం ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటులోకి బయటి గాలి రావాలి. రాకపోతే లోపల శూన్యం ఏర్పడి, పంపు లాగినా పెట్రోలు కదలదు. కార్బురేటర్ గిన్నె ఖాళీ అయ్యి ఇంజను ఆగుతుంది. పావుగంటలో ఎక్కడో సందులోంచి కాస్త గాలి చేరితే మళ్లీ నడుస్తుంది. బాబాయ్ బండి మూత ఎప్పుడో పోతే బజార్లో సైజు సరిపోయిన మూత ఒకటి కొని బిగించుకున్నాడు. దానికి రంధ్రం లేదు. బంకులో మూత తీసినప్పుడల్లా జబ్బు దానంతటదే నయమయ్యేది. మా పది నిమిషాల ట్రయల్‌లో ఆ శూన్యం ఏర్పడే వ్యవధే లేదు.

వేరే మూత వేశాక బండి ఎక్కడా ఆగలేదు. కానీ అడ్వాన్సు అప్పటికే అప్పులవాళ్లకి వెళ్లిపోయింది. బండి చేతులు మారింది. తర్వాత ఆయన ఇంకొకరి టాక్సీ రోజు కూలికి తోలుతూ స్టేషన్ దగ్గర కనిపించాడు. నన్ను చూసి తిట్టలేదు. "నేను ఆ రోజే చెప్పాను కదయ్యా" అన్నాడు, అంతే.

వెనక వరుసలో వాళ్లకి వినపడుతోందా? సరే.

బండి తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి అడగండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎంత దూరం పోయాక? వానలోనా? ట్యాంకులో పెట్రోలు ఎంత ఉండగా? స్విచ్ కట్టేసినట్టు ఠక్కున ఆగిందా, ఎగిరెగిరి పడి ఆగిందా? ఠక్కున ఆగితే ముందు కరెంటు వైపు చూడండి, ఎగిరిపడి ఆగితే పెట్రోలు వైపు. బాబాయ్ బండి ఎగిరిపడేదని మొదటి రోజే చెప్పాడు. జాబ్ కార్డు మీద ఆ మనిషి మాటలే రాయండి, మీ అంచనా రాయొద్దు.

తర్వాత బండి ఆగే దాకా తోలండి, గంట పట్టినా సరే. ఆగిన చోటే, చల్లారకముందే చూడాలి. ప్లగ్గు దగ్గర స్పార్క్ ఉందా, కార్బురేటర్‌కి పెట్రోలు వస్తోందా, మూత తీస్తే చప్పుడు వస్తోందా. ఈ మూడూ అయిదు నిమిషాల పని. 2000 తర్వాతి ఎంపీఎఫ్ఐ బండ్లలో, అంటే కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే బండ్లలో, ఇంజను తిరుగుతోందని ఆ కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ కూడా ఒక్కోసారి వేడికి ఇలాగే ఆగి, చల్లారాక పనిచేస్తుంది. సెల్ఫ్ తిరుగుతున్నా, బండి కంప్యూటర్‌ని చదివే స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తుంటే దాన్ని అనుమానించాలి. స్కానర్‌లో తప్పుని చూపించే కోడ్ లేదు కాబట్టి జబ్బు లేదనకండి. ఒక్కోసారి పడే తప్పు ప్రతిసారీ కోడ్ రాయదు.

సొంత మల్టీమీటర్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. నాలుగు చేతులు. ఇంతమందిలో నలుగురా! మొదటి జీతంతో అందరూ కొనండమ్మా. ఫుల్ ఛార్జ్ అయి, ఇంజను ఆపి కాసేపు ఉంచిన మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పదికి బాగా కింద పడితే బ్యాటరీని చూడాలి. సెల్ఫ్ కొడుతూనే ఇంజను బ్లాకుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే ఆ రెంటినీ కలిపే ఎర్త్ తీగనో, దాని బిగింపునో అనుమానించండి. ఇరవై ఏళ్ల బండిలో ఆ తీగ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పచ్చగా పొడి అయిపోయి ఉంటుంది. దానికోసం సెల్ఫ్ మోటార్లు మార్చినవాళ్లని నేను చూశాను.

పొద్దున ఆ ఇద్దరు అబ్బాయిలూ ఎక్కడున్నారు? మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు బాబూ. ఆ వయసులో నేను నవ్వాను, మీరు నవ్వలేదు. ఆ కాయిల్ తిరిగి బిగించండి. భోజనాలయ్యాక నేనూ వస్తాను, అది ఆగే దాకా తోలుదాం.

ఇదిగో, ఇది ఆ రోజు ఆటోనగర్‌లో నేను తీసి దాచుకున్న మూత. మొదటి వరుస నుంచి చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. ప్రతి ఒక్కరూ వేలితో తడిమి రంధ్రం వెతకండి.