ముందు తొడకు సూది, మిగతావన్నీ తర్వాత

నమస్కారమండి. తల్లులు, అంగన్‌వాడీ టీచర్లు, బడి పంతుళ్ళు, లంకల నుంచి పంటు మీద ఏరు దాటి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను. తిన్నదో కుట్టినదో పడక పిల్లల ప్రాణం మీదికొచ్చే అలర్జీ గురించి ఇవాళ చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక కొబ్బరితోటలో కాయల దింపు జరుగుతుంటే ఏడేళ్ళ పిల్లాణ్ణి కందిరీగలు కుట్టాయి. ఇంట్లోవాళ్ళు సున్నం రాశారు. పది నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, ఆపైన రెండు వాంతులు. దగ్గర్లో ఒకాయన ఎవిల్ ఇంజక్షన్ చేసి ఫర్లేదన్నాడు. అయినా తగ్గకపోయేసరికి తండ్రి బండి తీశాడు, మేనమామ వెనక కూర్చుని పిల్లాణ్ణి మధ్యలో నిటారుగా పట్టుకున్నాడు. మా ఆసుపత్రికి వచ్చేసరికి వాడు తోటకూర కాడలా వాలిపోయి ఉన్నాడు, బీపీ అందలేదు. అడ్రినలిన్ రెండుసార్లు ఇచ్చి, సెలైన్లు పెడితే బతికాడు. తర్వాత ఆ మేనమామ నన్ను అడిగాడు: 'ఇంజక్షన్ చేయించాం కదండీ, ఎందుకిలా అయింది?'

ఎవిల్, సిట్రిజిన్ లాంటివి దురదనీ దద్దుర్లనీ తగ్గిస్తాయి, అంతే. మూసుకుపోతున్న గొంతుని తెరవలేవు, పడిపోయిన బీపీని లేపలేవు. స్టెరాయిడ్ ఇంజక్షన్ పనిచేయడానికి గంటలు పడుతుంది. ప్రాణం నిలబెట్టేది అడ్రినలిన్ ఒక్కటే. అది వదులైపోయిన రక్తనాళాల్ని బిగిస్తుంది, గొంతులో వాపు తగ్గిస్తుంది, ఊపిరి గొట్టాల్ని తెరుస్తుంది, గుండెకి బలమిస్తుంది. టీకాల రోజున ఏఎన్ఎమ్ దగ్గరుండే కిట్‌లో పెట్టేది కూడా ఈ మందే.

మరి ఎలా గుర్తుపట్టాలి? ఒట్టి దద్దుర్లే అయితే, పిల్లాడు హుషారుగా ఉంటే, కనిపెట్టుకుని ఉండండి. దద్దుర్లతో పాటు ఆయాసం, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, ఆగని వాంతులు, కళ్ళు తిరగడం, వీటిలో ఏది తోడైనా ప్రమాదమే. ఇంకోటి, కొందరు పిల్లల్లో దద్దుర్లు అసలు రావు. పడని తిండి తిన్న కాసేపటికే ఊపిరి అందకపోయినా, కూలబడిపోయినా, ఒంటి మీద ఏమీ లేదు కదా అని ఆగకండి. చంటిపిల్లలు నోటితో చెప్పలేరు: ఏడుపు గొంతు మారడం, చొంగ ఎక్కువగా కారడం, ఉన్నట్టుండి నీరసంగా మెత్తబడిపోవడం చూసుకోవాలి.

మన చుట్టూ రొయ్యల చెరువులే కదా, ఎక్కువమంది అడిగేది రొయ్యల గురించే. 'బాగా ఉడికిస్తే పోతుందిగా' అంటారు. పోదండి. అలర్జీ తెచ్చే రొయ్యలోని ప్రోటీన్ వేడికి చెక్కుచెదరదు. బాగా పడని పిల్లలకి ఉడుకుతున్న రొయ్యల ఆవిరి తగిలినా ఇబ్బంది రావచ్చు. గోంగూరలో, వంకాయలో వేసే ఎండు రొయ్యల పొడి మరీ ప్రమాదం, అది కంటికి కనపడదు. పెళ్ళి భోజనాల్లో అడిగి మరీ వడ్డించుకోండి. 'మొన్నటిదాకా తిన్నాడు కదండీ' అన్నది కూడా హామీ కాదు, అలర్జీ మధ్యలో మొదలవ్వచ్చు. పూతరేకుల్లో జీడిపప్పు, చిన్నపిల్లలకి పాలు, గుడ్డు, ఇంకా వేరుశనగ, నువ్వులు కూడా కొందరికి పడవు. అలాగని భయపడి అన్నీ మానిపించేయకండి, ఏది పడలేదో డాక్టర్‌తో తేల్చుకుని అదొక్కటే మానిపించండి.

ఇందాక చెప్పిన ప్రమాద లక్షణాలు కనిపిస్తే పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టండి. ఆయాసంగా ఉంటే కాళ్ళు చాపుకుని కూర్చోనివ్వండి, వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి. నిలబెట్టొద్దు, నడిపించొద్దు. బీపీ పడిపోయినప్పుడు ఒక్కసారిగా లేపితే గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది, గుండె ఆగిపోవచ్చు. అందుకే బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్ళొద్దని బతిమాలుకుంటున్నాను. 108కి ఫోన్ చేయండి, అది ఆలస్యమైతే కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకురండి. మజ్జిగలూ నీళ్ళూ నోట్లో పోయకండి.

ఒకసారి ఇలా అయిన పిల్లలున్న ఇళ్ళలో, ముఖ్యంగా పడవ కోసం రేవులో ఆగాల్సిన లంకల్లో, డాక్టర్ రాసిచ్చిన అడ్రినలిన్ ఆంపూల్, అంటే మందున్న చిన్న గాజు సీసా, 1 మి.లీ. సిరంజి దగ్గరుండాలి. విదేశాల్లో వాడే రెడీమేడ్ పెన్నులు మన మందుల షాపుల్లో మామూలుగా దొరకవు. ఆంపూల్‌లో 1 మి.లీ.కి 1 మి.గ్రా. ఉంటుంది, పిల్లాడి బరువు 10 కిలోలైతే 0.1 మి.లీ., 20 అయితే 0.2, 30 అయితే 0.3, పిల్లలకి అంతకు మించొద్దు. తొడ మధ్యలో, బయటి వైపు కండలోకి వెళ్ళాలి. ఇన్సులిన్ సిరంజి వాడొద్దు, దాని సూది పొట్టిది, కండ దాకా దిగదు. అయిదు నిమిషాల తర్వాత కూడా తేరుకోకపోతే ఇంకో డోసు. మందుని ఎండ తగలకుండా ఉంచండి, రంగు మారితే పారేయండి. గుండె దడ, చేతుల వణుకు రావచ్చు, కాసేపట్లో సర్దుకుంటాయి.

తేరుకున్నాడని ఇంటికి తీసుకెళ్ళిపోకండి. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు కూడా, మళ్ళీ తిరగబెట్టొచ్చు, ఆసుపత్రిలోనే ఉంచమనండి. బడిలో క్లాసు టీచరుకీ, భోజనం వండే ఆయాకీ చెప్పి ఉంచండి.

ఇదిగో ఈ బల్ల మీద నీళ్ళు నింపిన ఆంపూళ్ళు, సిరంజిలు, ఒక బుట్ట బత్తాయిలు పెట్టాను. ఒక్కొక్కరూ వచ్చి, మీ పిల్లాడి బరువు చెప్పి, అంత కొలత లాగి బత్తాయికి గుచ్చి చూపించండి. పంటు టైమైపోతుంది, లంకల వాళ్ళు ముందు రండి.