టీబీ మందులు మధ్యలో ఆపొచ్చా? (తిరుపతి ఫోన్-ఇన్ నుంచి)

వ్యాఖ్యాత: పలమనేరు నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు. డాక్టర్ గారితో మాట్లాడండమ్మా.

శ్రోత: నమస్కారం సార్. మా ఆయన రెండు నెలలుగా టీబీ మాత్రలు వాడుతున్నాడు. దగ్గు పోయింది, ఆకలేస్తోంది. టమాటా మండీకి పనికి కూడా పోతున్నాడు. ఇంక మాత్రలెందుకు అంటున్నాడు.

డాక్టర్: ఆపొద్దమ్మా, ఒక్క పూట కూడా. ఆయన పక్కనే ఉంటే స్పీకర్ పెట్టండి, ఆయన కూడా వినాలి. ఊపిరితిత్తుల్లోకి ఏ క్రిమి వచ్చినా మ్యాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగేస్తుంది. మింగిన క్రిమి కణంలో ఒక సంచిలో పడుతుంది. లైసోజోమ్ అనే ఇంకో సంచి వచ్చి దాంతో కలుస్తుంది. అందులోని ఆమ్లం, ఎంజైములు క్రిమిని అరిగించేస్తాయి. టీబీ క్రిమి మాత్రం ఆ రెండు సంచులనూ కలవనివ్వదు. దాని పైపొరలోని మైనం లాంటి కొవ్వులు, అది వదిలే ప్రొటీన్లు అడ్డుపడతాయి. తనను చంపడానికి వచ్చిన కణంలోనే కాపురం పెడుతుంది.

శ్రోత: అయ్యో! మన ఒంట్లో శక్తి ఏమీ చేయలేదా సార్?

డాక్టర్: ఎందుకు చేయదమ్మా! ఒంటిని కాపాడే టీ కణాలనే రక్షక కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థం వదిలితే మ్యాక్రోఫేజ్‌కు బలం వస్తుంది. చాలామందిలో క్రిమి ఒంట్లో ఉన్నా జబ్బు బయటపడకపోవడానికి కారణం అదే. షుగర్ ఉంటే ఆ బలం తగ్గుతుంది. ఆయనకు షుగర్ టెస్ట్ చేయించారా?

శ్రోత: లేదు సార్.

డాక్టర్: రేపే చేయించండి. ఇక మాత్రల సంగతి. మొదటి రెండు నెలలు నాలుగు మందులిస్తాం. చురుగ్గా పెరిగే క్రిములు చాలావరకు అప్పుడే చస్తాయి, మనిషికి నయమైనట్టే ఉంటుంది. మిగిలినవి పెరగకుండా అణిగి ఉంటాయి. అసలే ఇది ఒకటి రెండు కావడానికి దాదాపు 20 గంటలు తీసుకునే క్రిమి. అణిగి ఉన్నదాని మీద మందు నిదానంగా పనిచేస్తుంది. అందుకే ఇంకో నాలుగు నెలలు మూడు మందులు. ఇప్పుడు ఆపితే అవి మళ్లీ లేస్తాయి, మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదమూ ఉంది.

శ్రోత: మూత్రం ఎర్రగా వస్తోందని కూడా ఆయనకు టెన్షన్ సార్.

డాక్టర్: అది ఆ మాత్రల్లోని రిఫాంపిసిన్ అనే మందు రంగు, భయం లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?

శ్రోత: నాలుగేళ్ల మనవరాలు ఉంది సార్.

డాక్టర్: పాపను వెంటనే చూపించండమ్మా. జబ్బు లేదని తేలినా, రాకుండా మందు ఇవ్వాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు.